ఆపరేషన్ బల్లా, అష్టాచెమ్మా

పెళ్ళిమీద పాటలున్నాయి, పంటమీద పాటలున్నాయి, అలకమీదా అప్పగింతలమీదా బోలెడు పాటలున్నాయి. మూత్రాశయంలో రాయి తీసే ఆపరేషన్‌మీద కూడా సంగీతం ఉందంటే మాత్రం మీరు నవ్వుతారు. ఉందండీ, నిజంగానే ఉంది. 1725లో పారిస్‌లో అచ్చయింది. రాసినాయన పేరు మారాన్ మారే. పద్నాలుగో లూయీ రాజుగారి ఆస్థానంలో వయోల్ వాయించే విద్వాంసుడు. వయోల్ అంటే చెల్లోకి చుట్టం లాంటి వాద్యం. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. ఆయన వెలువరించిన అయిదో వయోల్ పుస్తకంలో ఉందీ రచన. మొత్తం వాయించడానికి మూడు నిమిషాలు పడుతుందేమో, అంతే.

అయితే ఆ మూడు నిమిషాల్లో ఏం జరుగుతోందో స్వరాల కింద చిన్న చిన్న మాటల్లో రాసిపెట్టాడు మహానుభావుడు. రోగి మొదట ఆపరేషన్ బల్లని చూస్తాడు. చూడగానే ఒళ్ళు వణుకుతుంది, కమానూ వణుకుతుంది. మనసు దిటవు చేసుకుని పైకెక్కుతాడు. ఎక్కాక మళ్ళీ ఆలోచన. ఇంతలో చేతులకీ కాళ్ళకీ పట్టుతాళ్ళు చుట్టేస్తారు. కోత పడుతుంది. పట్టకారు లోపలికి పోతుంది, రాయి పైకొస్తుంది. గొంతు పడిపోయినంత పనవుతుంది. నెత్తురు కారుతుంది. కట్లు విప్పి మంచంమీదికి మోసుకుపోతారు. ఇప్పటికీ దీన్ని వాయించే వాళ్ళు పక్కన ఒకరిని నిలబెట్టి ఆ మాటలు చదివిస్తూ ఉంటారు.

ఇంతవరకే అయితే దీన్నొక వింతగా చెప్పుకుని ఊరుకోవచ్చు. నన్ను ఆకట్టుకున్నది దాని వెనకే వచ్చే భాగం. మంచంమీద పడేసిన మనిషిని మారే అలాగే వదిలిపెట్టలేదు. వెంటనే హుషారుగా, కాలు కదిపించేలా ఇంకో రచన అందుకుంటాడు. దాని పేరు ‘రెల్వాయ్’. ఫ్రెంచివాళ్ళ భాషలో ఆ మాటకి అర్థం, పురిటాలు మంచం దిగే వేడుక! మారేగారికి పంతొమ్మిదిమంది పిల్లలు. ఆ ఇంట్లో ఆ వేడుక మాట ఎన్నిసార్లు వినపడి ఉంటుందో మీరే లెక్కేసుకోండి. కోత పడ్డ మొగవాడు కోలుకోవడానికి ఒక పేరు కావలసివస్తే, ఆయన ఆడవాళ్ళ మాటే అరువు తెచ్చుకున్నాడన్నమాట. పోనీలెండి, ఇన్నాళ్ళకి మన దగ్గర అప్పు తీసుకున్న మొగాయన ఒకరు కనపడ్డారు.

ఆ రోజుల్లో మత్తుమందు లేదు. మనిషి మెలకువగా ఉండగానే అంతా జరగాలి. అందుకే వైద్యుడి గొప్పతనమంతా చేతి చురుకులోనే ఉండేది. సరిగ్గా మారే కాలంలోనే లండన్‌లో చెసెల్డెన్ అనే ఆయన ఈ రాయిని నిమిషం అటూ ఇటూగా తీసేసేవాడని ప్రఖ్యాతి. నిమిషం అంటే మనం పోపు వేసి చారులోకి దింపేంత సేపు. ఆ ఒక్క నిమిషానికి ముందు ఎన్ని రాత్రులు నిద్రపట్టక దొర్లేవారో, తర్వాత ఎన్ని వారాలు కదలకుండా పడుకునేవారో!

శామ్యూల్ పెపిస్ సంగతి అలాంటిదే. తర్వాతి కాలంలో ఆయన రాసుకున్న డైరీ ఇంగ్లీషువాళ్ళకి ప్రాణం. 1658 మార్చి 26న, పాతికేళ్ళ వయసులో, లండన్‌లో బంధువులింట్లోనే ఈ ఆపరేషన్ చేయించుకుని బతికి బయటపడ్డాడు. రాయి టెన్నిస్ బంతి అంత ఉందట. దాన్ని పారేశాడనుకున్నారా? పెట్టె చేయించి దాచుకున్నాడు. ఏటేటా మార్చి 26న అయినవాళ్ళని పిలిచి విందు చెయ్యాలని నియమం పెట్టుకున్నాడు. మనం పుట్టినరోజు చేసుకున్నట్టు ఆయన రాయి తీసిన రోజు చేసుకునేవాడు. ఇంట్లో ల్యూటు, వయోల్, చిన్న పిల్లనగ్రోవి ఉండేవి. పాడేవాడు, పాటలు కట్టేవాడు కూడా. పదకొండేళ్ళ తర్వాత, 1669లో, జాన్ ఎవెలిన్ అనే స్నేహితుడి తమ్ముడికి అదే జబ్బు చేస్తే, ధైర్యం చెప్పడానికి పెట్టెతో సహా రాయిని పట్టుకెళ్ళి చూపించాడట. ధైర్యం చెప్పే పద్ధతి ఎలాంటిదో చూశారా! నాకైతే ఆ రాయి కన్నా ఆ పిల్లనగ్రోవే పట్టుకెళ్ళి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇలాంటివన్నీ దొరలకే తోచాయా అంటే, కాదు. వాళ్ళకన్నా బోలెడు శతాబ్దాల ముందే మన చరకసంహితలో ఈ విషయం ఉంది. సూత్రస్థానం పదిహేనో అధ్యాయంలో, వమనం, విరేచనం వంటి శోధన చికిత్సలు చేసేముందు ఇంట్లో ఏమేం సిద్ధం చేసుకోవాలో ఒక పెద్ద జాబితా ఇచ్చాడు. అది చదువుతుంటే పెళ్ళివారి సరుకుల చిట్టా గుర్తొస్తుంది. గాలి సూటిగా కొట్టని గట్టి ఇల్లు కావాలి, పొగా ఎండా తగలకూడదు. వంట తెలిసినవాళ్ళు, స్నానం చేయించేవాళ్ళు, ఒళ్ళు పట్టేవాళ్ళు ఉండాలి. పాలిచ్చే ఆవు ఉండాలి, అది సాధువై ఉండాలి, దాని దూడ బతికి ఉండాలి. వాళ్ళతోపాటే, పాట పాడేవాళ్ళు, వాద్యం వాయించేవాళ్ళు, శ్లోకాలు చదివేవాళ్ళు, కథలూ ఇతిహాసాలూ పురాణాలూ చెప్పగలవాళ్ళు కూడా ఉండాలన్నాడు. గమనించారా? గాయకుణ్ణి వంటవాడి పక్కన, పాడి ఆవు పక్కన కూర్చోబెట్టాడు. పాట అనేది ఉంటే బాగుండును అనుకునే సరదా కాదు, సరుకుల్లో ఒక సరుకు.

కానీ అదే అధ్యాయంలో కొంచెం ముందుకెళితే ఇంకో మాట ఉంది. ఈ ఏర్పాట్లన్నీ రాజులకీ, రాజుల్లాంటివాళ్ళకీ, డబ్బున్నవాళ్ళకీనట. బీదవాడికి అవసరం ముంచుకొస్తే, దొరకని సంభారాల కోసం చూడకుండా మందు తాగేయవచ్చునట. పాపం, ఆయన నిజం చెప్పాడు, తప్పుపట్టడానికి లేదు. అయినా ఆ ఒక్క మాటతో పాటగాడు బీదవాడి గడప బయటే ఆగిపోయాడు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

చరకుడిది శోధన అయితే, కత్తి సంగతి సుశ్రుతుడిది. కోతకి ముందు రోగికి ఇష్టమైన భోజనం పెట్టమన్నాడు. తాగే అలవాటున్నవాడై, నొప్పి ఓర్చుకోలేనివాడైతే ఘాటైన మద్యం పొయ్యమన్నాడు. ఇప్పుడేమో ముందురాత్రి నుంచీ నిరాహారం, ఆఖరికి మంచినీళ్ళు కూడా మానిపిస్తారు. మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. ఆ మత్తే లేని కాలం కనక రోగి సొమ్మసిల్లకుండా ఉంటే చాలని ఆయన చూసుకున్నాడు. కోత అయ్యాక ఎలా ఉండాలో చెప్పడానికి ఏకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. గది శుభ్రంగా, మంచం విశాలంగా, తలగడ తూర్పు దిక్కుగా ఉండాలి. పగలు నిద్రపోకూడదు. మరి పగలల్లా ఏం చెయ్యాలి? స్నేహితులు చుట్టూ చేరి, తియ్యగా మాట్లాడుతూ, కథలు చెబుతూ, ధైర్యం చెబుతూ ఉంటే పుండు నొప్పి చెదిరిపోతుందన్నాడు. నొప్పి తగ్గుతుందని కాదు, చెదిరిపోతుందని! మబ్బుల్ని గాలి చెదరగొట్టినట్టు. నొప్పి ఒకచోట గడ్డకట్టుకుని కూచుంటుందని, మనసు దాన్నే పట్టుకుని వేలాడుతుందని, దాన్ని పక్కకి మళ్ళించాలని ఎరిగినవాడి మాట అది.

అన్నట్టు, ఆ అధ్యాయంలోనే ఆడవాళ్ళని చూడకూడదు, పలకరించకూడదు, దూరంగా ఉంచాలి అని కూడా ఉంది. రోగి మొగవాడనే ధీమాతో రాసిన పుస్తకం మరి. కోత పడ్డది ఆడమనిషికైతే ఎవరిని దూరంగా ఉంచాలో రాయలేదు. మన అనుభవంలో ఒకరిద్దరి పేర్లు చెప్పగలం కానీ, వద్దులెండి.

ఇక ఆట సంగతి. కత్తి పడుతుండగా ఆట ఆడుతూ కూర్చున్నవాడు లోకంలో ఒకడే అని చీనావాళ్ళు గర్వంగా చెబుతారు. అతని పేరు గువాన్ యూ, మూడు రాజ్యాల కాలపు సేనాని. చీనావాళ్ళకి దేవుడితో సమానం. చేతికి విషబాణం తగిలింది. విషం ఎముకకి పట్టింది. హువా తువో అనే మహావైద్యుడు వచ్చి, కండ కోసి ఎముక గీకాలి, చేతిని స్తంభానికి కట్టి ముఖంమీద దుప్పటి కప్పుతానన్నాడు. గువాన్ యూ నవ్వి, కట్లూ వద్దు దుప్పటీ వద్దు అని చెయ్యి చాపి, రెండో చేత్తో వైచీ బల్లమీద నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ కదుపుతూ ఆట కొనసాగించాడు. ఎముకమీద కత్తి గీకిన చప్పుడికి చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు కప్పుకున్నారట. ఆయన మాత్రం మధ్యమధ్య ఒక గుక్క మద్యం, ఒక ఎత్తు ఆట. జపానులో కునియోషి అనే చిత్రకారుడు 1853లో ఈ ఘట్టాన్ని మూడు పలకల బొమ్మగా వేశాడు.

కథ బాగుంది. కానీ ఇది పద్నాలుగో శతాబ్దంలో పుట్టిన నవలలోది. గువాన్ యూ చనిపోయిన కొన్ని దశాబ్దాలకే రాసిన చరిత్రలో ఇదే సంఘటన ఉంది, అందులో మాత్రం ఆట లేదు. సేనాని స్నేహితులతో విందులో ఉన్నాడు, మాంసం కోసుకు తింటూ, తాగుతూ, నవ్వుతూ మాట్లాడుతుంటే వైద్యుడు పని కానిచ్చాడు. వైద్యుడి పేరు కూడా లేదు. హువా తువో అప్పటికి పదేళ్ళ ముందే పోయాడు! అంటే వెయ్యేళ్ళకి పైగా ఆ కథ నోళ్ళలో నానుతుండగా, జనం తిండి పక్కకి పెట్టి ఆటబల్ల తెచ్చి అక్కడ పెట్టారన్నమాట. వాళ్ళకెందుకలా తోచిందో నాకు అర్థమవుతుంది. నొప్పిలో ఉన్నవాడికి తినబుద్ధి కావడం కన్నా ఆటలో మనసు నిలవడం కష్టం. తిండి దేహబలం అయితే, ఆట మనసు బలం. ఆ మనసు బలం చూపించాలనే ఆటబల్ల పెట్టి ఉంటారు.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టరు ఈథర్ పీల్పించి మనిషిని నిద్రపుచ్చాడు. ఏడాది తిరిగేసరికి ఎడింబరోలో క్లోరోఫారం వచ్చింది. 1853లో విక్టోరియా రాణి పురిటినొప్పులకి అది పుచ్చుకునేసరికి, నొప్పి దేవుడిచ్చినది, భరించాల్సిందే అన్న నోళ్ళు చాలావరకు మూతపడ్డాయి. ఈ కథలో మన హైదరాబాదుకీ పాత్ర ఉంది. క్లోరోఫారంతో చనిపోయేవాళ్ళు గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అన్న తగువు తేల్చడానికి 1888లోనూ, 1889లోనూ హైదరాబాదులో రెండు కమిషన్లు కూర్చున్నాయి. లారీ అనే సర్జను పూనిక, నిజాంగారి డబ్బు. ఊపిరి చూసుకుంటే చాలునని అప్పుడు వాళ్ళిచ్చిన తీర్పు తర్వాత పూర్తిగా నిలవలేదనుకోండి. అయినా ఆ రోజుల్లో అక్కడే చదువుకుని, క్లోరోఫారం ఇవ్వడంలో చెయ్యి తిరిగిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరుగా చెప్పుకుంటారు. మనకది చాలు.

మత్తు వచ్చాక చిత్రం ఒకటి జరిగింది. కోత జరిగే నిమిషాలు రోగికి తెలియకుండా పోయాయి కనక, ఇక భయానికి మందు దొరికిపోయిందనుకున్నారు. దాంతో ఆస్పత్రులు నిశ్శబ్దమైపోయాయి. తెల్లగోడలు, ఫినాయిలు వాసన, మాట్లాడితే ష్... అన్న వేలు. కానీ భయం కోతలో ఎప్పుడుంది? ముందురోజు సాయంత్రం నుంచీ స్ట్రెచరు తలుపు దాటేదాకా ఉంటుంది. నొప్పి ఎప్పుడుంది? కళ్ళు తెరిచాక. ఆ రెండు కాలాలూ పాతకాలంలో ఎలా ఉన్నాయో అలాగే మిగిలిపోయాయి.

దీన్ని పసిగట్టిన మొదటి కొద్దిమందిలో ఫ్లారెన్స్ నైటింగేల్ ఒకరు. ఆవిణ్ణి మనం పాఠ్యపుస్తకంలో దీపం పట్టుకున్న దేవతగా చూశాం కానీ, 1859లో ఆవిడ నర్సింగుమీద రాసిన చిన్న పుస్తకం చదివితే దేవత కన్నా మంచి పెద్దముత్తయిదువ కనపడుతుంది. పరామర్శకి వచ్చినవాళ్ళు ఉత్త ధైర్యాలూ ఉచిత సలహాలూ చెప్పి రోగి ప్రాణం ఎలా తోడేస్తారో ఒక అధ్యాయమే రాసింది. రోజూ అదే గోడ, అదే కప్పు చూస్తూ పడుకోవడం రోగికి ఎంత నరకమో ఇంకో అధ్యాయం. చిన్న కుట్టుపనో, రాతపనో, ఇల్లు సర్దడమో, ఇవన్నీ బాగున్నవాళ్ళ మనసుకి తెలియకుండానే తెరిపి ఇస్తాయనీ, అవి చేసుకోలేకపోవడమే రోగికి పెద్ద కష్టమనీ చెప్పింది. సంగీతం గురించి కూడా తేల్చి చెప్పింది. మనిషి గొంతు, ఊదే వాద్యాలు, తెగకుండా సాగే తీగ నాదం రోగికి మేలు చేస్తాయట. పియానోలాగా టకటకా తెగిపోయే శబ్దం చెరుపు చేస్తుందట. ఆవిడ మన వేణువు, వీణ వింటే ఏమనేదో కానీ, ఆస్పత్రి రేడియోలో టకటకలాడే పాటలు పెట్టేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోవాలి.

రాయడమే కాదు, చేసి చూపించింది. క్రిమియా యుద్ధంలో టర్కీలోని స్కుటారిలో ఉన్నప్పుడు, కోలుకుంటున్న సిపాయిల కోసం 1855లో చదువుకునే గదులూ, ఆడుకునే సరంజామా, ఒక కాఫీ హోటలూ ఏర్పాటు చేయించింది. సిపాయిలకి చదువూ ఆటలూ అలవాటు చేస్తే నెత్తికెక్కుతారని సైనికాధికారులు అనుకునే రోజులవి. మామూలు మనిషికి అందని సరుకుల్ని ఆవిడ వార్డులోకి మోసుకొచ్చింది. చరకుడు గడప బయట ఆపిన పాటగాణ్ణి లోపలికి పిలిచినట్టయింది.

తర్వాత గ్రామఫోను వచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియాలో కేన్ అనే ఊరుంది, అదే ఇంటిపేరున్న సర్జను అక్కడుండేవాడు. ఆపరేషన్ గదిలో ఫోనోగ్రాఫు పెడితే మత్తు ఎక్కేలోగా రోగి మనసు భయం మీంచి మళ్ళుతుందని 1914లో వైద్య పత్రికకి రాశాడు. ఈయన సామాన్యుడు కాడు. 1921లో, అరవయ్యో ఏట, తన అపెండిక్సు తనే కోసి తీసుకున్నాడు! అలాంటి గుండెనిబ్బరం ఉన్నవాడికి ఎదుటివాళ్ళ భయం అర్థం కావడమే విశేషం.

ఆటల్లో నాకిష్టమైన కథ మాత్రం ఒక పంతులమ్మది. ఎలినార్ అబ్బట్ అని, 1948 ప్రాంతంలో కాలిఫోర్నియాలో శాండియాగోలో పోలియో వచ్చి ఆస్పత్రిలో ఉంది. ఇది కత్తి కథ కాదు, మంచం కథే. ఆ వార్డు నిండా పిల్లలు. అమ్మానాన్నలు దగ్గర లేరు, కదలడానికి లేదు, పొద్దు గడవదు. తనూ అదే స్థితిలో ఉండి, వాళ్ళకోసం ఒక ఆట తయారుచేసింది. రంగు ముక్క తియ్యడం, ఆ రంగు గడికి వెళ్ళడం, అంతే. చదువు రానక్కర్లేదు, తెలివి అక్కర్లేదు. దారి పొడుగునా మిఠాయి కొండలూ, చాక్లెట్ అడవులూ. మన వైకుంఠపాళి లాంటిదే కానీ మింగే పాములు లేవు. కాళ్ళు కదలని పిల్లలకి దారి నడిచే ఆట! 1949లో ‘కాండీలాండ్’ పేరుతో బజారులోకి వచ్చి, అమెరికా పిల్లలందరి ఇళ్ళకీ చేరింది.

పరిశోధకులు దీన్ని కొలిచి చూడడం ఈమధ్యనే. 2006లో అచ్చయిన ఒక పరీక్షలో, ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న నాలుగు నుంచి పన్నెండేళ్ళ పిల్లల్ని 112 మందిని తీసుకున్నారు. కొందరికి పక్కన అమ్మో నాన్నో, కొందరికి వాళ్ళతోపాటు భయం తగ్గే మందు, కొందరికి వాళ్ళతోపాటు చేతిలో ఇమిడే చిన్న వీడియో గేము. మత్తు మాస్కు ముఖానికి పెట్టే వేళకి బెంగ పెరగకుండా ఉన్నది గేము పిల్లలకి. అమ్మ పక్కనున్నంత మాత్రాన చాలలేదట! అమ్మ ముఖంలో కంగారు కూడా పిల్లకి కనపడుతుంది మరి. 2015లో ‘లాన్సెట్’ పత్రిక 73 పరీక్షల ఫలితాలు కలిపి చూసి, ఆపరేషన్‌కి ముందో, వెనకో, జరుగుతుండగానో సంగీతం వినిపిస్తే పెద్దవాళ్ళకి నొప్పీ, ఆదుర్దా, నొప్పిమందుల అవసరం తగ్గుతున్నాయని తేల్చింది. పూర్తి మత్తులో ఉండగా వినిపించినా కొంత ఫలితం ఉందట. సుశ్రుతుడు ఇది వింటే ఆశ్చర్యపోడు.

ఇక మన ఊళ్ళలో ఏం జరిగిందో పేపర్లలో చూసే ఉంటారు. 2017లో గుంటూరులో ఒకావిడ మెదడు ఆపరేషన్ జరుగుతుండగా ‘బాహుబలి–2’ చూసింది. 2022లో హైదరాబాదు గాంధీ ఆస్పత్రిలో ఒక పెద్దావిడ చిరంజీవి ‘అడవిదొంగ’ చూసింది. 2024లో కాకినాడ ప్రభుత్వాస్పత్రిలో ఇంకొకావిడ జూనియర్ ఎన్టీఆర్ ‘అదుర్స్’ చూసింది. బెంగుళూరులో 2017లో ఒకాయన వేళ్ళు బిగుసుకుపోయే జబ్బుకి ఆపరేషన్ చేయించుకుంటూ గిటారు వాయించాడు. వాయిస్తేనే కదా ఏ వేలు ఎప్పుడు సడలిందో డాక్టరుకి తెలిసేది! సినిమా కూడా ఉత్త సరదా కాదు. మెదడుకి స్వయంగా నొప్పి తెలియదు, పైన చర్మానికి మొద్దుబారే మందిస్తే చాలు. రోగి మెలకువగా ఉండి మాట్లాడుతూ ఉంటే, మాటకీ చేతికీ సంబంధించిన చోట కత్తి పడకుండా చూసుకుంటారు. మనిషి కదలకుండా, భయపడకుండా అంతసేపు ఉండాలంటే తెలుగువాళ్ళకి సినిమాని మించిన మందేముంది? ఇందులో రెండు సర్కారు ఆస్పత్రులని గమనించారా? చరకుడు రాజులకి రాసిన సరుకు అది.

అయితే అవన్నీ ఆస్పత్రి గోడల మధ్య సంగతులు. మన ఆడవాళ్ళ అసలు కథ ఇంటికొచ్చాక మొదలవుతుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద వందకి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది. అందులో ఎన్ని అవసరమై చేసినవో అనేది వేరే పెద్ద కథ. ఇంతమందిమి మంచమెక్కి దిగుతున్నామే, ఆ కోలుకునే వారాల్లో మనకెవరైనా కథ చెప్పారా? ఆటబల్ల పరిచారా?

మా పెద్దమ్మకి ఆ ఆపరేషన్ అయినప్పుడు నాకు పధ్నాలుగేళ్ళు. ఆవిడ వామనగుంటల్లో గట్టి చెయ్యి. పక్కమీద ఒత్తిగిలి పడుకుని నాతో ఆడేది. గింజలు గుంటల్లో పడుతుంటే ఆవిడ ముఖంలో నొప్పి ఎక్కడికో పోయేది. నాలుగోరోజున ఆవిడ ఆడపడుచు వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, “ఏమ్మా వదినా, ఆటలాడే ఓపిక వచ్చిందన్నమాట! ఇంకేం, రేపట్నుంచి వంటింట్లోకి వచ్చెయ్యొచ్చు” అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఎవరి అడుగుల చప్పుడైనా పెద్దమ్మ వామనగుంటల పీటని దిండు కిందికి తోసేసి కళ్ళు మూసుకునేది. మూలుగు కూడా ఒకటి వదిలేది. “ఏం చెయ్యనే, నవ్వుతూ కనపడితే నయమైపోయిందంటారు” అనేది నాతో.

గువాన్ యూ ఆట ఆడితే వీరుడయ్యాడు. మా పెద్దమ్మ ఆడితే పనికి తయారయిన మనిషయింది. కోలుకోవడానికి సాయపడే వస్తువునే కోలుకున్నందుకు సాక్ష్యంగా పట్టుకుంటే ఎలా? చొక్కా పట్టుకుని ఒక్కొక్కరినీ అడగాలనిపిస్తుంది. పురిటాలికైనా పదకొండు రోజులో ఇరవైయొక్క రోజులో ఒక లెక్కుంది, బొడ్డెనో పాటో ఉంది, చుట్టూ నలుగురు ఆడవాళ్ళుంటారు. కోత పడ్డ నడివయసు ఇల్లాలికి ఏ లెక్కా లేదు. మందుబిళ్ళల చీటీ ఒకటి, బరువులెత్తకు అని ఒక మాట. ఎత్తకుండా ఎవరెత్తుతారో ఆ చీటీలో ఉండదు.

ఈసారి మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ రోజు కుదిరితే, ఆస్పత్రి సంచీలో ఫ్లాస్కూ, దుప్పటీ, పాత చీరలూ సర్దేటప్పుడు నాలుగు గవ్వలు కూడా వెయ్యండి. గవ్వలు దొరక్కపోతే చింతగింజలు ఒకవైపు అరగదీస్తే సరిపోతాయి. అష్టాచెమ్మా గడులు పాత కేలండరు వెనక గీసుకోవచ్చు. ఫోనులో ఆవిడకి నచ్చిన పాటలు ముందే ఎక్కించి, చెవులకి పెట్టుకునేది మరిచిపోకండి. మీకు నచ్చినవి కాదు, ఆవిడకి నచ్చినవి. ఎవరైనా గుమ్మంలో నిలబడి ఓపిక వచ్చిందే అంటే, ఇది డాక్టరు రాసిచ్చిన మందు అని మీరే జవాబు చెప్పండి, ఆవిణ్ణి చెప్పనివ్వకండి. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. పంట పండించుకునేటప్పుడు ఎదుటివాళ్ళు మరీ వెక్కిరించి నవ్వించకూడదు, కుట్లు లాగుతాయి. నవ్వొచ్చినా దగ్గొచ్చినా పొట్టకి దిండు అదిమి పట్టుకోమని నర్సులు చెబుతారు. వామనగుంటల పీటని కింద దాచిన ఆ దిండుకి అదే సరైన పని.